అంబాసిడరు కట్టలు – నాయనమ్మ నడుము

బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా రాసివ్వమని మన యూనియను సాహిత్య కార్యదర్శి అడిగినప్పుడు "నాకు కవితలు రావు, కథలు అసలే రావు" అని తప్పించుకోబోయాను. "నీకేం వచ్చో అదే రాయి" అన్నాడాయన. నాకు వచ్చినవి రెండే. ఒకటి మిరపచేలో పని. రెండోది మా పాత అంబాసిడరు కారు కింద దూరి వెల్లకిలా పడుకోవడం. మిరప కష్టాల గురించి రాసేవాళ్ళు చాలామంది వున్నారు గనుక కారు గురించే రాస్తున్నాను. మధ్యలో కాస్త భౌతికశాస్త్రం కూడా దొర్లుతుంది. తప్పులుంటే మా అధ్యాపకులు పెద్ద మనసుతో మన్నించాలి. ప్రాక్టికల్సు మార్కుల్లో మాత్రం తగ్గించకూడదు.

మాది పొదిలి దగ్గర పల్లెటూరు. కొంత ఎర్రనేల, కొంత నల్లరేగడి. రేగట్లో మిరప, పత్తి, ఎర్రచెక్కలో కంది. మా తాత 1998లో, ఆ ఏడు మిరపకు మంచి ధర పలికితే, ఒంగోలులో ఒక డాక్టరుగారి దగ్గర 1994 మోడలు డీజిలు అంబాసిడరును సెకండ్ హ్యాండులో కొన్నాడు. అప్పటినుంచి ఆ కారు మా ఇంటిది ఒక్కటే కాదు, సగం వూరిది. పెళ్ళికూతుళ్ళు అందులో వెళ్ళారు, పురిటినొప్పుల మనుషులు వెళ్ళారు, పాము కరిచినవాళ్ళు వెళ్ళారు. తాత 2016లో పోయాడు. కారు మిగిలింది. కిలోమీటర్ల మీటరు ఎప్పుడో ఆగిపోయింది. ఆగిన నాటికే రెండు లక్షల ఎనభై వేలు చూపిస్తున్నది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను తిరగరాయించుకోవాలి కదా, ప్రతిసారీ నాన్న "ఇదే ఆఖరు, ఈసారి అమ్మేస్తా" అంటాడు. అమ్మడు.

అమ్మకపోవడానికి కారణం నాయనమ్మ.

నాయనమ్మకు డెబ్బై ఆరేళ్ళు. నడుము ముందుకు వంగిపోయింది. మెడ పక్కకు తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. ఇది మా ఒక్క ఇంటి జబ్బు కాదు. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వైద్యులు మొట్టమొదట వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాను చూసి. పొదిలి, దర్శి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. జిల్లా పేరు మారింది గాని బావుల్లో నీళ్ళు మారలేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా నాయనమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచి తాగిన బావినీళ్ళలో ఎంత వున్నదో ఎవరూ కొలవలేదు. ఇప్పుడు క్యాను నీళ్ళు తాగుతున్నాం. ఆమెకు మాత్రం జరగవలసింది జరిగిపోయింది.

నెలకొకసారి ఆమెను ఒంగోలు ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. ఆటోలో కూర్చోలేదు. మా అత్తకొడుకు కొత్త కారులో ఒకసారి తీసుకువెళ్ళాడు. ఆ కారు సీటు మరీ కిందికి వుంటుంది, వంగిన నడుముతో అందులోకి దిగడమంటే గోతిలోకి దిగినట్లే. అంబాసిడరు సీటు ఎత్తుగా, మంచంలాగా వుంటుంది. తలుపు వెడల్పు. బొంత పరిస్తే వెనక సీట్లో ఒరిగి పడుకోవచ్చు. అందుకని మా ఇంట్లో కారంటే నాయనమ్మ మంచానికి చక్రాలు తగిలించినదని లెక్క.

ఇక దారి సంగతి. పొదిలి నుంచి చీమకుర్తి మీదుగా ఒంగోలు సుమారు యాభై కిలోమీటర్లు. చీమకుర్తి గ్రానైటు పేరు మీరంతా వినే వుంటారు. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే ఆ గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకు పోతుంది. రాయి దేశాలకు పోతుంది, రాయిని మోసే లారీల బరువు మా రోడ్డు మీద పడుతుంది. రోడ్డు వేసినప్పుడు బాగుంటుంది. తర్వాత గుంట, దాని మీద అతుకు, అతుకు పక్కన మళ్ళీ గుంట. పొదిలి వైపు రేగడినేల వున్నచోట మరో బాధ. ఆ మన్ను వానకు వుబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, పైన వేసిన తారు అలలు తేలుతుంది.

2025 సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి కారు వెనకభాగం కుంగి వుంది. గతుకులో పడితే "దడాల్" మంటున్నది, మలుపులో "కిర్రు" మంటున్నది. నాన్న ఒక్కసారి వంగి చూసి తీర్పు చెప్పేశాడు.

"కట్టలు కుంగినయిరా. ఇంకో పట్టీ వేయిద్దాం. డిక్కీలో నాలుగు టిక్కీలు వేసినా తట్టుకుంటుంది."

టిక్కీ అంటే మిరపకాయల బస్తా, సుమారు నలభై కిలోలు. కట్టలంటే కమాను కట్టలు, లారీకీ జీపుకీ వుండేవే. వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి నడుమ బోల్టుతో బిగించి వుంటాయి. అంబాసిడరుకు వెనక ఇవే. ముందువైపు కట్టలుండవు, పొడుగుపాటి ఉక్కు కడ్డీ మెలిపడటం వల్ల స్ప్రింగులాగా పనిచేస్తుంది, దాన్ని టార్షన్ బారు అంటారు.

సైన్సు చదివేవాణ్ణి గదా, నేనైనా ఒకసారి కిందికి దూరి చూడవలసింది. చూడలేదు. నాన్న చెప్పింది నాకూ సబబుగానే తోచింది. కుంగిందంటే బలం చాలలేదు. బలం చాలకపోతే బలం పెంచాలి. అయితే లెక్కల పిచ్చి కొద్దీ ఒక పని మాత్రం చేశాను. పట్టీ వేయించడానికి ముందు డిక్కీలో నాలుగు టిక్కీలు పెట్టి, వెనకభాగం ఎంత దిగిందో టేపుతో కొలిచాను. నాలుగు సెంటీమీటర్లు. పట్టీ వేయించాక అవే టిక్కీలు మళ్ళీ పెట్టి కొలిచాను. మూడు సెంటీమీటర్లే దిగింది. అంటే వెనక స్ప్రింగులు మూడో వంతు గట్టిపడ్డాయన్నమాట. ఒక్క పట్టీకే అంత గట్టిదనం ఎలా వచ్చిందా అని తర్వాత చూస్తే, అసలు పట్టీలు 6 మిల్లీమీటర్ల మందం, ఆ షాపువాళ్ళు వేసిన పాత పట్టీ 8 మిల్లీమీటర్లు. పట్టీ గట్టిదనం దాని మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 8ని 6తో భాగించి ఘనం చేస్తే 2.37. మేము డబ్బిచ్చింది ఒక పట్టీకి, వచ్చి కూర్చున్నది రెండుకు పైచిలుకు.

నాన్న మాత్రం మహా సంతోషించాడు. కారు వెనక భాగం పైకి లేచి కోడెదూడలాగా నిలబడింది. ఖర్చు రెండువేల నాలుగు వందలు.

ఆ వారంలోనే నాయనమ్మను తీసుకుని బయలుదేరాం. నేనే తోలుతున్నాను. పొదిలి దాటిన కాసేపటికే నాకు తెలిసింది, ఏదో తేడా జరిగిందని. ఇదివరకు పెద్ద గుంటలకే ఎగిరేది. ఇప్పుడు చిన్న చిన్న రాళ్ళను కూడా లెక్కపెట్టి మరీ చెబుతున్నది. అద్దంలో చూస్తే నాయనమ్మ ముందుసీటు వీపును రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని వుంది. మామూలుగా ఆమె నోరు వూరుకోదు. ఆరోజు ఒక్క మాట లేదు. చీమకుర్తి దాటాక నెమ్మదిగా అన్నది:

"అబ్బయ్యా, కాస్త ఆపు నాయనా. దిగి నడుస్తా."

నాలుగడుగులు నడవడానికి గోడ పట్టుకునే మనిషి, కారులో కూర్చునే కంటే నడవడం మేలనుకున్నది. నేను కారు ఆపాను. ఆమె దిగలేదు, దిగగలిగే స్థితిలో లేదు. పది నిమిషాలు అలాగే ఆగి, ఎద్దుబండి వేగంతో ఒంగోలు చేరాం. తిరిగివచ్చాక నాలుగు రోజులు ఆమె మంచం దిగలేదు. నాన్న నన్నేమీ అనలేదు, నేను నాన్నను ఏమీ అనలేదు. ఇద్దరం కారువైపు చూడకుండా తిరిగాం.

ఐదో రోజున పొదిలిలో తాతకు బాగా తెలిసిన ముసలి మేస్త్రీ దగ్గరకు కారు తీసుకువెళ్ళాను. నా కొలతలన్నీ చెప్పాను. నాలుగు సెంటీమీటర్లు, మూడు సెంటీమీటర్లు, మందానికి ఘనం... అన్నీ విని ఆయన బీడీ పారేసి, "లెక్క బాగానే వుంది బాబూ. ఇప్పుడు కింద పడుకో" అన్నాడు.

ముందు డిక్కీని రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదిలాడు. కారు వూగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అయిదోసారి గాని ఆగలేదు. "ఒక్క వూపుకు ఆగాలి" అన్నాడు. తర్వాత నేను కింద పడుకున్నాక వెనక షాక్ అబ్జార్బర్లు చూపించాడు. వాటి ఒంటి నిండా నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుని పిడకలాగా అయింది. లోపల నూనె లేదు. తర్వాత గడ్డపార మొన తెచ్చి కట్ట చివర షాకిల్ దగ్గర దూర్చి ఎత్తాడు. అరంగుళం ఆడింది. అక్కడ వుండవలసిన రబ్బరు బుష్‌లు అరిగి పొడైపోయాయి. ఇనుము ఇనుమును కొట్టుకుంటున్నది. ఆ "దడాల్" అదే. ఆఖరున కట్టల పక్కన వేలుతో గీశాడు. పట్టీల సందుల్లో మా రేగడిమన్ను తుప్పుతో కలిసి సిమెంటులాగా గట్టిపడింది. పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి, జారినప్పుడే కట్ట వంగుతుంది. జారకపోతే అది కట్ట కాదు, దూలం.

"కట్ట బరువు మోస్తది. అబ్జార్బరు వూపును చంపుద్ది. మీరు వూపు చంపాల్సిన చోట బరువు మోసేదాన్ని పెంచారు" అన్నాడు మేస్త్రీ.

రెండేళ్ళుగా నేను క్లాసులో రాసుకుంటున్న పాఠమే అది. బరువు వేలాడదీసిన స్ప్రింగును లాగి వదిలితే వూగుతూనే వుంటుంది. దానికి అడ్డుపడేది ఏదైనా వుంటేనే ఆగుతుంది. గుంటలో పడ్డ దెబ్బను తీసుకునేది స్ప్రింగే గాని షాక్ అబ్జార్బరు కాదు. ఆ పేరు పెట్టినవాడు పొరపాటు పడ్డాడని నా అభిప్రాయం. స్ప్రింగు తీసుకున్న శక్తిని మళ్ళీ పైకి తిప్పికొడుతుంది. ఆ సమయంలో అబ్జార్బరు లోపల పిస్టను నూనెను సన్నని రంధ్రాలగుండా నెడుతుంది, ఆ శక్తి వేడిగా మారి పోతుంది. గతుకుల రోడ్డు మీద కాసేపు తిరిగి వచ్చి, బాగున్న అబ్జార్బరును పట్టుకుంటే వెచ్చగా వుంటుంది. మావి చల్లగా వుండేవి.

నా లెక్క ప్రకారం మా కారు వెనకభాగం అసలు పట్టీలతో నిమిషానికి 85 సార్ల చొప్పున వూగుతుంది. లావుపట్టీతో 98 సార్లు. ఇవి మనిషి నడక లయకు మరీ దూరమేమీ కాదు, వాటిని ఒళ్ళు ఓర్చుకుంటుంది. కూర్చున్న మనిషి వెన్నుకు హాని చేసేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే అదురులు. వాటికి మన వెన్నెముక తానే తోడై వూగుతుంది. తుప్పుతో పట్టేసిన కట్ట ఆ చిన్న అదురులను వంగి మింగలేదు, ఉన్నవి ఉన్నట్లు పైకి పంపుతుంది. అసలే పట్టేసిన దాన్ని మేము పైగా లావుపట్టీతో బిగించాం. మామూలు మనిషికైతే "కారు కాస్త గట్టిగా వుంది" అనిపించేది. ఎముకల మధ్య మెత్తదనం పోయిన నాయనమ్మకు ప్రతి రాయీ వీపులో దిగింది.

కాబట్టి లావుపట్టీ తీసేయాలి, పాత పట్టీలు విప్పి రుద్ది గ్రీజు పెట్టాలి, వంపు పోయినవాటికి మళ్ళీ వంపు ఎక్కించాలి, బుష్‌లూ అబ్జార్బర్లూ కొత్తవి వేయాలి. ఇది తేలిపోయింది. తేలనిది రెండు. డబ్బు ఒకటి. రెండోది, సామాను ఎక్కడ దొరుకుతుందన్నది.

డబ్బు ముందు చెబుతాను. అది మిరప ధర పడిపోయిన ఏడాది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించింది. మాకు పడింది పదకొండు వేల లోపే. అలాంటప్పుడు వేసిన పట్టీ తీసేసి ఇంకో అయిదువేలు పెట్టాలని నాన్నకు చెప్పడం ఎలా? రెండు రోజులు నసిగి, చివరికి ఆయన అన్నం తింటున్నప్పుడు చెప్పాను. "వేసిందెందుకు, తీసేదెందుకు?" అన్నాడు. నేను వూపు గురించీ నూనె గురించీ చెప్పబోయాను. ఆయన వినడం లేదు, వసారాలో నాయనమ్మ మంచం వైపు చూస్తున్నాడు. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి ఇచ్చాడు. మా ఇంట్లో ఆ నెల సొమ్మును టిక్కీల్లో లెక్కపెట్టుకునేవాళ్ళం. ఆ సామానుకు ఒక టిక్కీ చాలక రెండోదాన్లోంచి కొంత పోయింది.

ఇక సామాను. అంబాసిడరు రోడ్ల నిండా తిరిగిన రోజుల్లో దాని సామాను ప్రతి పట్నంలోనూ దొరికేది. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు అచ్చు తెచ్చి, బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టి, 2014 మే నెల దాకా ఈ కారు తయారుచేశారు. తర్వాత ఫ్యాక్టరీ ఆగింది. 2017లో అంబాసిడర్ అన్న పేరును ఎనభై కోట్లకు ఫ్రెంచి కంపెనీ ప్యూజో కొన్నది. పేరుకు ఎనభై కోట్లు వచ్చాయి గాని, మాకు కావలసిన రబ్బరు బుష్ గురించి ఎవరూ ఆలోచించినట్లు లేదు.

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళాను. లారీ అయినా కారు అయినా దాని ప్రాణాన్ని వీధులవారీగా పంచి పెట్టుకున్న వూరు అది. ఒక వీధిలో గేర్లు, ఒక వీధిలో రేడియేటర్లు, ఒక వీధిలో కమాను కట్టలు కాల్చి కొట్టే కొలుములు. అక్కడ మూడు రకాల సామాను చూపిస్తారు. కంపెనీ బతికున్నప్పటి పెట్టెల్లో మిగిలిపోయిన పాత సరుకు ఒకటి. ఇప్పుడు చిన్న చిన్న చోట్ల తయారయ్యే సరుకు ఒకటి. తుక్కుకు వచ్చిన కార్లనుంచి విప్పినది ఒకటి.

నేను మొదట వెర్రిగా పాత పెట్టెలమీదే పడ్డాను. ఒరిజినల్ గదా! కాని రబ్బరు పెట్టెలో వున్నా ముసలిదవుతుంది. గాలే దాన్ని తినేస్తుంది. ఒక పెట్టెలోంచి బుష్ తీసి బొటనవేళ్ళతో వంచితే వెంట్రుకవాసి పగుళ్ళు తేలాయి. కొట్టులో పనిచేసే కుర్రవాడు నా ముఖం చూసి, తానే ఇంకో రకం తీసి ఇచ్చాడు. పేరు లేదు గాని తాజా సరుకు, గోరు గుచ్చితే మళ్ళీ పైకి లేస్తున్నది. అదే తీసుకున్నాను. షాకిల్ పలకలు మాత్రం తుక్కులోవి ఏరుకున్నాను. ఇనుము పగలకుండా, రంధ్రం సాగకుండా వుంటే పాతదైనా ఇబ్బంది లేదు. రబ్బరూ నూనె సీలూ వున్నది ఏదీ పాతది కొనవద్దని మేస్త్రీ ముందే ఒట్టు వేయించుకున్నాడు.

అబ్జార్బర్ల దగ్గర ఇంకో పరీక్ష. "జీపువి వేసుకోండి, కొంచెం తిప్పలు పడితే సరిపోతాయి, ఎక్కువకాలం వస్తాయి" అన్నారొక చోట. ధర కూడా తక్కువ. కంటిరంధ్రాల మధ్య దూరం టేపుతో కొలిస్తే నొక్కినప్పుడూ లాగినప్పుడూ రెండింట్లోనూ తేడా వచ్చింది. పైగా అది బరువైన బండికి తగ్గట్టు బిగువుగా చేసినది. లావుపట్టీతో ఒకసారి గడ్డి తిన్నవాణ్ణి, మళ్ళీ తినలేదు. అంబాసిడరువే కొత్త జత తీసుకున్నాను. కొనేముందు నిలువుగా పట్టుకుని పదిసార్లు నొక్కి లాగాను. పడుకోబెట్టి దాచినవి మొదట నాలుగైదుసార్లు లోపలి గాలి వల్ల వదులుగా ఆడతాయి. తర్వాత రెండు వైపులా ఒకే బిగువుతో కదలాలి, మధ్యలో ఎక్కడా ఖాళీగా జారకూడదు. ఆ జతలో ఒకటి జారింది. మార్చి ఇమ్మన్నాను. ఇచ్చారు.

గోనెసంచిలో సామాను కట్టి బస్సులో తెచ్చాను. మేస్త్రీ రెండు రోజులు పనిచేశాడు. నాకు నచ్చిన పని ఒకటుంది. బుష్‌ల బోల్టులు కారు జాకీ మీద వున్నప్పుడు పూర్తిగా బిగించలేదు. కారును నేలమీదికి దించి, బరువు చక్రాల మీద పడ్డాక అప్పుడు బిగించాడు. గాలిలో బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది. దించగానే మెలిపడి, రోజంతా మెలిపడే వుండి తొందరగా చిరిగిపోతుంది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మళ్ళీ నాలుగు టిక్కీలు పెట్టి కొలిచాను. నాలుగు సెంటీమీటర్లు. డిక్కీ నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగింది. నాన్న కూడా వచ్చి రెండు మూడుసార్లు నొక్కి చూశాడు, ఏమీ అనకుండా వెళ్ళాడు.

తర్వాతి నెల ఒంగోలు ప్రయాణానికి నాన్న కూడా ముందు సీట్లో కూర్చున్నాడు. గుంటలు అవే. పొదిలి దాటాక వెనకనుంచి మాట వినిపించింది. ఈ చేను ఫలానా వాళ్ళది, ఈ బావి తవ్వినప్పుడు నీళ్ళు పడలేదు, ఆ పిల్లను ఇచ్చిన ఇల్లు అదుగో అని నాయనమ్మ మొదలుపెట్టింది. నాన్న మధ్యలో వూ కొడుతున్నాడు. చీమకుర్తి దగ్గర "ఒరే, ఆపు" అన్నది. నా గుండె జారింది. బ్రేకు మీద కాలు వేసి వెనక్కి తిరిగాను.

"జామకాయలు అమ్ముతున్నారు, ఒక కిలో తీసుకో. దోరవి చూసి తీసుకో" అన్నది.

జామకాయలు ఆమె కొరకలేదు. మాకోసమే కొనిపించింది.

నాన్నకు ఇంకా ఒక అసంతృప్తి వుంది. టిక్కీలు వేస్తే వెనకభాగం దిగిపోతున్నది కాబట్టి బస్తాలకు ఆటో మాట్లాడవలసి వస్తున్నది, ఆ కిరాయి నా లెక్కలో రాస్తున్నాడు. తీసేసిన లావుపట్టీని పారేయనివ్వలేదు. పశువుల కొట్టం తలుపుకు అడ్డగడియగా వేశాడు. కారు ముందు ఎడమవైపు మాత్రం ఇంకా రెండు సెంటీమీటర్లు దిగే వుంది. అది టార్షన్ బారు వ్యవహారం. మన ప్రయోగశాలలో టార్షన్ పెండ్యులం చేసినవాళ్ళకు గుర్తుండే వుంటుంది, తీగ వ్యాసార్థాన్ని స్క్రూగేజితో అన్నిసార్లు ఎందుకు కొలిపిస్తారో. మెలికకు ఎదురుతిరిగే బలం దాని నాలుగో ఘాతం. కడ్డీ అయిదు శాతం లావైతే గట్టిదనం ఇరవై ఒక్క శాతానికి పైగా పెరుగుతుంది. అదీగాక ఒక వైపు ఏళ్ళతరబడి మెలిపడిన కడ్డీని రెండో వైపు వేయకూడదు. తుక్కులో ఒకటి దొరికింది గాని అది కుడిదో ఎడమదో చెప్పేవాళ్ళు లేరు. మేస్త్రీ వద్దన్నాడు. ఈసారి సెలవులకు స్క్రూగేజి ఒకటి అడిగి తీసుకువెళదామనుకుంటున్నాను, మా డిపార్టుమెంటువారు ఇస్తే.